మంచం దిగనన్న మనిషి

మొన్న కడపలో మా వీధి చివర షామియానా వేశారు. పెళ్ళేమో అనుకుని తొంగి చూశాను. లోపల మడతమంచం, దాని మీద ఒక ముసలాయన. ఇంకా ప్రాణంతోనే ఉన్నాడు. కూతురు పక్కన కూర్చుని తువ్వాలుతో ఈగలు తోలుతోంది. అద్దె ఇల్లట. "ఇంట్లో మాత్రం వద్దమ్మా, రేపు ఆ ఇంట్లోకి అద్దెకు ఎవురొస్తారు?" అన్నాడట ఓనరు. ఆ పిల్ల ఆయన్ని తిట్టను కూడా లేదు, న్యాయమే కదా అన్నట్టు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క ఉండుంటే ఆ ఓనరును పిలిచి కూర్చోబెట్టి, చాటెడు మిరపకాయలు ముందర పోసి, ఆ తర్వాత మాట్లాడేది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్న, అంటే మా బావ భార్య. కోయిలకుంట్ల దగ్గర మా అత్తగారి పల్లెలో కోడళ్ళను పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరే ఖాయం. ఆమె ఓర్వకల్లామె, నేను కడపామె. ఆమె నన్ను అంత కూడా అనకుండా "కడపా" అని పిలిచేది. "కడపా, పొయ్యి మీద పాలు చూడు!" అని ఆమె అరిస్తే కడప ఊరు ఊరంతా లేచి పాలు చూడాలేమో అనిపించేది. ఆమె అసలు పేరు ఆ పల్లెలో సగం మందికి తెలియదు. ఇప్పుడు నేను చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి చెప్పను.

మీ ఇద్దరికీ పడేదా అని అడిగితే, పడేది కాదనే చెప్పాలి. నేను బడిపంతులమ్మను, ఎండాకాలం సెలవులకు పల్లెకు పోయేదాన్ని. పోయిన గంటకల్లా ఏదో ఒకదాని మీద మాటామాటా అనుకునేవాళ్ళం. నా కూరలో కారం లేదని ఆమె అనేది. నీ కూరలో కారం తప్ప ఇంకేమీ లేదని నేననేదాన్ని. రాత్రికి మళ్ళీ మిద్దె మీద ఒకే చాప పరుచుకుని, ఊళ్ళోవాళ్ళను వరసబెట్టి ఉతికి ఆరేసేవాళ్ళం. ఆ పనిలో మాత్రం మాకు ఎప్పుడూ తేడా రాలేదు.

ఆమెకు మనుషులు ఉత్తచేతులతో కూర్చుంటే గిట్టదు. చూట్టానికి ఎవరొచ్చినా సరే, మంచినీళ్ళ చెంబుతో పాటు ఒక చాట కూడా వచ్చేది. చింతపండు గింజ తీయడమో, బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలవడమో, బియ్యంలో రాళ్ళు ఏరడమో. "మాట్లాడు, నోటికి నేనేం అడ్డంరాను. చేతులు ఊరికెందుకుండల్ల?" అనేది. పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చిన మగవాళ్ళ చేత బుడ్డలు ఒలిపించిన మనిషి ఆమె. సంబంధం కుదరలేదు గానీ బుడ్డలు మాత్రం అయిపోయాయి.

ఇంత నోరున్న మనిషి, మా పెద్దమామ ముందుకు మాత్రం వచ్చేది కాదు. పెద్దమామ అంటే మా మామగారి అన్న. పక్క ఇల్లే. మా ఇంటి మగవాళ్ళందరికీ ఆయన మాటే మాట. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నేర్పిన మర్యాద ప్రకారం, ఆయనతో మాట్లాడాలంటే ఆమె తలుపు చాటున నిలబడేది. మనిషి తలుపు వెనక, గొంతు వీధిలో. "మామకు చెప్పు కడపా, ఈపొద్దు శనగలు ఎత్తేది లేదని" అని నాతో అన్నట్టే ఆయనకు చెప్పేది. ఆయన కూడా నాతో అన్నట్టే ఆమెకు జవాబు చెప్పేవాడు. బడిపంతులమ్మనని నాకు ఆ చాటు తప్పింది గానీ, మధ్యలో నేను గోడనో మనిషినో నాకే అర్థమయ్యేది కాదు.

మా అత్త పోయిన ఎండాకాలం సంగతి చెప్పకుండా మా అక్క సంగతి చెప్పలేను. అత్తకు ఇక లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేశాక పెద్దమామ పంచాంగం చూశాడు. "ధనిష్ఠ వస్తాంది. ఇంట్లో పోతే ఆరు నెలలు ఇల్లు పాడు పెట్టాల. వాకిట్లో పండబెట్టండి" అన్నాడు. మా వైపు అది మామూలే. చెడ్డ నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే, ఇంటికి తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా నెలల తరబడి వదిలేయాలి. ఇంట్లోవాళ్ళు ఎక్కడో తలదాచుకోవాలి. కప్పు కింద కాకుండా బయట పోతే ఆ తిప్పలు ఉండవు. అందుకని పోతున్న మనిషిని ముందే బయటికి తెచ్చేస్తారు.

తెచ్చేశారు. పైన ఒక టార్పాలిన్ కట్టారు. కానీ పోతుందనుకున్న మనిషి ఆ పూట పోలేదు. మర్నాడూ పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. కర్నూలు జిల్లా ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. టార్పాలిన్ కిందికి పక్క నుంచి ఎండ పాకేది. అక్క గొడుగు పట్టుకుని ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంది. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. అత్తకు తెలివి వచ్చినప్పుడల్లా వణికే చేతితో చీర మోకాళ్ళ మీదికి లాక్కునేది. మగవాళ్ళు పోతున్నారని సిగ్గు. మళ్ళీ తెలివి తప్పేది. మళ్ళీ వచ్చేది, మళ్ళీ చీర లాక్కునేది.

గొడుగు కింద నుంచి అక్క నావైపు చూసింది. "కడపా, నేను మాత్రం మంచం దిగను. పోతే నా గదిలోనే పోతా. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాల" అంది. ఏడుస్తూ చెప్పలేదు, కోపంగా చెప్పింది.

"నీకంటే ముందు నేనే పోతానేమో" అన్నాను.

"నువ్వా? నీ నోటికి యముడు గూడా మన వీధిలోకి రాడు" అంది.

ఆ గది ఆమెదే. అన్నదమ్ములు పంచుకున్నాక బావ ఇల్లు బాగుచేయించినప్పుడు, మేస్త్రీ వద్దంటున్నా వినకుండా దక్షిణం గోడకు పెద్ద కిటికీ పెట్టించింది. మంచం మీద పడుకుంటే నల్లరేగడి చేలు, శనగ వేసిన కాలంలో పచ్చగా, తక్కిన కాలమంతా నల్లగా కనిపిస్తాయి. "దక్షిణం కిటికీ ఇంటికి మంచిది కాదు" అని పెద్దమామ నాతో అన్నాడు. "గాలి మంచిదేనంట అని మామకు చెప్పు" అని తలుపు చాటు నుంచి జవాబు వచ్చింది.

కొన్నేళ్ళకు ఆమెకు కడుపులో గడ్డ తేలింది. కర్నూలులో చాలా రోజులు వైద్యం నడిచింది. చివరిసారి చూపించుకుని తిరిగి వస్తున్నాం, బస్సులో నేనూ ఆమే ఒక సీట్లో, బావ వెనక సీట్లో. రోగం సంగతి ఆమెకు చెప్పకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. పేగులో పుండు అని చెప్పాం. ఆమె కిటికీలోంచి చూస్తూ చూస్తూ ఓర్వకల్లు రాళ్ళగుట్టలు వచ్చేసరికి నా వైపు తిరిగింది.

"కడపా, నాకు తగ్గదు గదా?"

"ఎవరు చెప్పారు?"

"డాక్టరు. పోయిన తూరి మాత్ర మర్సిపోయినందుకు నన్ను ఎట్లా తిట్టె! ఈపొద్దు అమ్మా తల్లీ అంటాడు, ఏం తినాలనిపిస్తే అది తినమంటాడు. తగ్గేదైతే తిడతాడు గదా."

ఇంక నేను అబద్ధం ఆడలేదు. ఆమె గుట్టలు దాటిపోయేదాకా వాటినే చూసింది. పుట్టిన ఊరు కదా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ముక్కు తుడుచుకుని, "సరే, ఇంగ ఆస్పత్రి చాలు. ఇంటికి పోయి నా మంచం మీద ఉంటా. ఎవురు దింపుతారో చూస్తా" అంది. వెనక సీట్లో బావ విన్నాడో లేదో తెలియదు. విన్నా ఏమీ అనేవాడు కాదు. ఆయన గొంతు బయటికి రావడం చాలా అరుదు. వచ్చినా పక్కనున్న మనిషికి కూడా సగమే వినపడుతుంది.

అట్లా ఆమె ఇంటికి వచ్చింది. సెలవులు మొదలవగానే నేనూ వెళ్ళాను. నయం కాని జబ్బులవాళ్ళను ఇంట్లోనే చూసుకోవడానికి సాయం చేసే ఆస్పత్రి వాళ్ళు ఒక నర్సమ్మను పంపేవాళ్ళు. వారానికొకసారి స్కూటీ మీద వచ్చేది. వీపు పుండ్లు పడకుండా మనిషిని ఎలా ఒత్తిగిలించాలో, నోరు ఎండిపోతే తడిబట్టతో ఎలా తుడవాలో, దుప్పటి మనిషి కిందనుంచి లేపకుండా ఎలా మార్చాలో నాకూ బావకూ నేర్పింది. బావ ఈ పనులన్నీ నాకంటే బాగా నేర్చుకున్నాడు. దూడలను సాకిన చేతులు కదా, మెత్తగా పట్టుకునేవాడు.

నర్సమ్మ వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న అడిగేది. "నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందమ్మా?" మొదటిసారి అడిగినప్పుడు మా అక్క ఆలోచించి, "కడపామె నోరంత ఉండాది" అంది.

నర్సమ్మ నా వైపు చూసింది. "అంటే?"

"శానా అని" అని నేనే చెప్పాల్సి వచ్చింది.

అప్పటి నుంచి అదే కొలత. బాగా తక్కువుంటే "ఆయన గొంతంత". అంటే మా బావ గొంతు. ఎక్కువుంటే "కడపామె నోరంత". ఓర్చుకోలేనంత ఉంటే "పెద్దమామ కోపమంత". నర్సమ్మ పాపం కొన్నాళ్ళకు ఆ భాష నేర్చుకుంది. వాకిట్లో స్కూటీ ఆపుతూనే "ఈపొద్దు ఎవరున్నారమ్మా లోపల, అన్ననా, పెద్దాయననా?" అని అడిగేది.

జబ్బు మనిషిని చూడటానికి ఊరంతా వచ్చేది. బ్రెడ్డు ప్యాకెట్టో, అరటిపండ్లో పట్టుకుని వచ్చి, మంచం పక్కన కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం మా వైపు ఆనవాయితీ. ఏడవకపోతే ఇంటికి పోయాక మాటొస్తుంది. అది ఎండుమిరపకాయల కాలం. ఏడాదికి సరిపడా కాయలు కొని గోతాలలో పెట్టి ఉన్నాయి. తొడిమలు తీసి కారం పట్టించాలి. మా అక్క మంచం మీద పడుకుని, వచ్చిన ప్రతి మనిషి ముందరా ఒక చాట పెట్టించింది.

"ఏడువు, వద్దనను. ఏడ్సుకుంటానే తొడిమెలు తీయి. రెండూ అయితాయి" అనేది.

మిరపకాయల ఘాటుకు ఆ గదిలో ఏడవని మనిషి లేడు. ఎవరు ఆమె కోసం ఏడుస్తున్నారో, ఎవరు కాయల కోసం ఏడుస్తున్నారో తెలిసేది కాదు. కాసేపటికి ఆ ఏడుపంతా తుమ్ములయ్యేది, తుమ్ములు నవ్వులయ్యేవి. ఘాటు ఆమెకు పడదేమోనని నేను భయపడితే, "కిటికీ ఎందుకు పెట్టిస్తి మరి?" అనేది.

నవ్వుతోంది కదా అని నొప్పి లేదనుకోవద్దు. చాలా ఉండేది. రాత్రిళ్ళు కన్ను మూయకుండా మంచం పట్టె పట్టుకుని, ఎప్పుడో మా పెళ్ళిలో వడ్డించిన పాయసంలో బెల్లం తక్కువైందని నన్ను తిట్టేది. నొప్పి వచ్చినప్పుడు ఆమె ఏదో ఒక పాత సంగతి తవ్వి ఎవరినో ఒకరిని తిడుతుందని నాకు అర్థమైంది. తిట్లు ఎంత పాతవైతే నొప్పి అంత ఎక్కువ. ఒకరోజు నర్సమ్మ వచ్చేసరికి ఆమె పుట్టింట్లో చిన్నప్పుడు బర్రె తొక్కిన సంగతి దాకా పోయింది. "పెద్దమామ కోపమంత" అని చెప్పింది. ఆ రోజే నర్సమ్మ డాక్టరుతో ఫోనులో మాట్లాడి మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టింది.

వెళ్ళేటప్పుడు నాకూ బావకూ చెప్పింది. "ఇన్నాళ్ళూ నిద్ర లేదు గదా. నొప్పి తగ్గితే పగలు గూడా గాఢంగా నిద్రపోతాది. భయపడొద్దు. ఊపిరి మాత్రం గమనించుకోండి. ఈ మాత్రతో కడుపు కదలదు, విరేచనం మందు గూడా ఇయ్యాల" అని.

మర్నాడు ఆ విరేచనం మందు కోసం నేను కోయిలకుంట్లకు పోయాను. పోయేటప్పుడు చూశాను, హాయిగా పడుకుని ఉంది, సన్నగా గురక కూడా. ఆ గురక విని ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మందు తీసుకుని, కాస్త బొరుగులు కొనుక్కుని, ఆటోలో తిరిగి వచ్చాను.

మా ఇంటి ముందర షామియానా.

చేతిలో సంచీ ఎక్కడ పడిందో తెలియదు. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని రాగాలు తీస్తున్నారు. పెద్దమామ కుర్చీలో పంచాంగం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బావ గోడకు ఆనుకుని తలవంచుకుని గొంతుక్కూర్చున్నాడు. నేల మీద చాప, చాప మీద మా అక్క. పెదాల మీద తులసినీళ్ళు ఇంకా ఆరలేదు. ఒంగి చూశాను. గురక పెడుతోంది.

జరిగిందేమిటంటే, పగటిపూట ఆమె పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. రోగం వచ్చాక రాత్రి కూడా చూడలేదు. పిలిస్తే పలకకుండా పడుకున్న మనిషిని చూసి, చూట్టానికి వచ్చినవాళ్ళు ఇదే ఆఖరు అనుకున్నారు. పెద్దమామ పంచాంగం తీశాడు. మళ్ళీ ధనిష్ఠే. "ఎత్తండి బైటికి" అన్నాడు. మాత్ర సంగతి బావ చెప్పాడట. బావ చెబితే ఎవరికి వినపడుతుంది?

నేను నోరు తెరిచి అరవబోయేంతలో షామియానా అతను ఆమె తలవైపు మేకు పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. మా అక్క కళ్ళు తెరిచింది. పైన రంగురంగుల గుడ్డ చూసింది.

"ఎవురి పెండ్లప్పా ఇది?" అంది.

సుత్తి కింద పడింది. రాగం తీస్తున్న ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. వెనక ఎవరో "అమ్మో" అని లేచి పరుగెత్తారు. మా అక్క నాలుకతో పెదాలు తడుముకుంది. తులసి తగిలింది. తల తిప్పి ఒక్కొక్కరినే చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"నిద్దరపోతే బైటేస్తారా మీరు? ఎన్నాళ్ళకో కన్ను మూతపడె. దానిగ్గూడా ఓర్చుకోలేకపోతిరా? కడపా, లేపు నన్ను. కూచోబెట్టు."

వెనకనుంచి పట్టుకుని నాకు ఆనించుకుని కూర్చోబెట్టాను. ఒళ్ళు కట్టెపుల్లలా ఉంది గానీ గొంతు మాత్రం పాత గొంతే. ఎదురుగా పెద్దమామ. తలుపు లేదు, చాటు లేదు. కాపురానికి వచ్చాక ఆమె ఆయన మొహం చూసి మాట్లాడటం అదే మొదలు.

"మామా, అత్తను గూడా ఈడనే పండబెడితిరి. వీధిలో మొగోళ్ళు పోతాంటే ఆయమ్మ మోకాండ్ల మీదికి చీర లాక్కుంటా లాక్కుంటా పోయె. నువ్వు చూసినావో లేదో, నేను చూస్తి. అట్లా నేను పోను. నా ఇంట్లో, నా గదిలో, నా మంచం మీద పోతా. ఇంతమంది వచ్చినారు, అందరూ ఇనండి."

పెద్దమామ మొహం ఎర్రబడింది. కోపం అనుకున్నాను, కాదు. ఆయనకూ బాధే.

"నీ మీద కచ్చతో చేసినానామ్మా నేను? ఆరు నెలలు ఇల్లు పాడు పెడితే వాడు యాడుంటాడు? వాన్ని చూసుకునేదానివి నువ్వూ ఉండవు. వానికి ఇల్లు గూడా లేకుండా చేస్తామా? వాని కోసరం గదా చెప్తాండా."

అది అబద్ధం కాదు. ఊరందరి ముందర అంత మాట చెప్పేసి, ఇప్పుడు ఓడిపోతుందేమోనని నాకు భయం వేసింది. ఆమె గోడ వైపు తిరిగింది.

"ఇదో, నిన్నే. నువ్వు చెప్పు. ఆరు నెలలు నువ్వు బైట ఉంటావా, ఉన్నన్నాళ్ళు నన్ను బైట పెడ్తావా?"

బావ లేచాడు. పంచెకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. ఎప్పటిలా గొణుగుతాడనుకుని అందరూ మెడలు ముందుకు చాచారు.

"ఆమె లోపలుంటాది! నేను బైటుంటా! కొట్టం ఉండాది గదా!"

ఆ గొంతు వీధి చివరి దాకా వినపడింది. కొట్టంలో ఎద్దులు తలెత్తి చూశాయి. అంత గొంతు ఆ మనిషిలో ఎక్కడ దాగి ఉందో, ఇన్నేళ్ళు కాపురం చేసిన మా అక్కకు కూడా తెలియదు. నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత సిగ్గుపడింది. నిజంగానే, కొత్త పెళ్ళికూతురిలాగా తల వంచుకుంది. నేను కళ్ళారా చూశాను.

బావ వచ్చి చాప ఒక కొస పట్టుకున్నాడు. "పట్టండప్పా" అన్నాడు. అందరికంటే ముందు చెయ్యి వేసింది పెద్దమామ. పంచాంగం కుర్చీలో పెట్టి వచ్చి, అవతలి కొస పట్టుకున్నాడు. ఊరేగింపులాగా ఆమెను లోపలికి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టారు.

షామియానా అతను మేకులు పీకడం మొదలుపెట్టాడు. లోపలి నుంచి కేక వచ్చింది. "పీకద్దప్పా! ఎట్లాగూ వేసినావు, సాయంత్రం దాకా ఉండనీ. కడపా, మిరపకాయల గోతాలు బైటికి తే. ఇంతమంది ఉత్తచేతుల్తో కూచున్నారు!"

ఆ రోజు ఊరంతా షామియానా కింద కూర్చుని తొడిమలు తీసింది. ఏడవడానికి వచ్చినవాళ్ళు నవ్వి నవ్వి అలసిపోయారు. నర్సమ్మకు ఫోను చేసి చెబితే అవతల నుంచి చాలాసేపు నవ్వే వినపడింది. ఆ ఏడు మా చుట్టాలందరిళ్ళలోనూ ఆ షామియానా కారమే.

తర్వాత ఆమె బతికిన కాలమంతా నా లెక్కలో పండగే. నొప్పి మాత్రకు లొంగింది. తిండి తగ్గిపోయింది, మనిషి రోజురోజుకూ సన్నబడింది గానీ, ఆమెకు పెద్ద పని ఒకటి దొరికింది. "ఆరు నెలలు బైటుంటానంటివి గదా, ఏం తింటావు?" అని బావకు వంట నేర్పడం మొదలుపెట్టింది. గది గుమ్మం ముందర పొయ్యి. బావ సంగటి కెలుకుతుంటే ఆమె మంచం మీద నుంచి హుకుం జారీ చేసేది. "ఇంగా కెలుకు. ఉండలు కడతాంది, నాకు ఈడికి కనపడతాంది. కట్టె పట్టుకునే తీరేనా అది?" చేసిన దాంట్లో గోరంత తన నోట్లో పెట్టించుకునేది, మింగలేకపోయినా రుచి చూసేది. మొహం చిట్లించేది. రేపు బాగా చేస్తానని బావ అనేవాడు. ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. "కడపామె కంటే నయం" అంది. బావకు అంతకంటే పెద్ద బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

పెద్దమామ రోజూ వచ్చేవాడు. ఇప్పుడు ఆయన తలుపు చాటున నిలబడేవాడు, ఆడవాళ్ళ గది కదా అని. అక్కడి నుంచే "ఎట్లుండావమ్మా?" అని అడిగేవాడు. నన్ను మధ్యలో పెట్టుకోకుండా ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. నాకు చాలా తేలిగ్గా ఉండేది.

తొలకరి వానలు పడ్డాక ఒకరోజు పొద్దున నర్సమ్మ వచ్చింది. చెయ్యి పట్టుకుని చూసింది. నన్నూ బావనూ అవతలికి పిలిచి, ఇవాళో రేపో అని చెప్పింది. మళ్ళీ లోపలికి వెళ్ళి, "నొప్పి ఎంతుందమ్మా?" అని అడిగింది.

మా అక్క కళ్ళు తెరవకుండానే, "ఆయన గొంతంత" అంది. కొంచెం ఆగి, ఊపిరి కూడదీసుకుని, "ఆ షామియానా పొద్దటి గొంతు గాదు. అంతకుముందుది" అంది.

ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. మధ్యాహ్నం భోజనాల వేళ, కిటికీ తెరిచి ఉండగా, బావ తడిబట్టతో పెదాలు అద్దుతూ ఉండగా, ఆ ఊపిరి నెమ్మదిగా, తొందర లేకుండా ఆగిపోయింది. దుప్పటి మెడ దాకా కప్పి ఉంది. వీధిలో పోయేవాళ్ళెవరికీ ఆమె కనపడలేదు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే మనసులో "గెలిచావక్కా" అనుకున్నాను, ఆమె చెవి దగ్గర పైకి కూడా అన్నాను.

పెద్దమామ తలుపు చాటు నుంచి వచ్చి నిలబడ్డాడు. ఎవరో పంచాంగం తెచ్చి ఇచ్చారు. చూశాడు. "ఆరు నెలలే" అన్నాడు మెల్లగా.

"సరే" అన్నాడు బావ. కార్యక్రమాలన్నీ అయ్యాక ఇంటికి తాళం వేసి, తన పరుపుచుట్ట భుజాన పెట్టుకుని కొట్టంలోకి వెళ్ళిపోయాడు. తల వంచుకుని కాదు, తిరునాళ్ళకు పోతున్నట్టు వెళ్ళాడు.

దసరా సెలవులకు నేను మళ్ళీ పల్లెకు వెళ్ళాను. ఇల్లు మూసి ఉంది. కొట్టంలో ఒక పక్క ఎద్దులు, ఒక పక్క మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి దగ్గర బావ. సంగటిలో ఒక్క ఉండ లేదు. అయితే కొట్టంలో మంచాలు రెండున్నాయి. రెండో మంచం మీద పెద్దమామ కూర్చుని ఉన్నాడు. పక్కనే అంత ఇల్లు, కొడుకులు, కోడళ్ళు ఉండగా, తన మంచం తెచ్చుకుని ఇక్కడ వేసుకున్నాడట.

"ఆరు నెలలని చెప్పిండేది నేనే గదమ్మా. వాన్నొక్కన్నే పెట్టి నేను ఇంట్లో పండుకుంటే నిద్దర పడుతుందా?" అన్నాడు.

బావ వడ్డించాడు, ముగ్గురం తిన్నాం. బావ ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాక పెద్దమామ నా వైపు ఒంగాడు.

"కడపమ్మా, నాకొక సాయం చేస్తావా? నా పొద్దొచ్చినప్పుడు నన్ను గూడా లోపల్నే ఉండనీమని మా కొడుకులకు చెప్పాల."

"నీ కొడుకులకు నువ్వే చెప్పొచ్చు గదా మామా?"

"నేను చెప్తే ఇనరమ్మా" అన్నాడు. "బైటెయ్యాలని వాండ్లకు నేర్పిండేదే నేను."

అక్క పోయాక నాకు అంత సంతోషం వేయడం అదే మొదటిసారి. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచాను. "ఉండు మామా" అని, అప్పటికప్పుడు పక్కింటికి పోయి, ఆయన కొడుకులిద్దరినీ వాకిట్లోకి పిలిచాను.